గష్పర్ గడ్డిపందిరి

పొద్బ్రెగ్, 6 మే 2002

చెల్లాయ్ రొజాలియాకు,

మీ ఇంట్లో అందరూ కులాసా అనుకుంటాను. ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను, తేనెటీగలే లేవు. పదకొండు పెట్టెలకు పదకొండూ పోయాయి.

ఫోన్ చెయ్యకూడదా అంటావు. ఫోనులో అయితే నువ్వు మొదటి మాటకే అడ్డుపడతావు. ఉత్తరంలో చివరిదాకా చెప్పనిస్తావు.

ఏప్రిల్ ఆఖరి వారం ఎండ బాగా కాసింది. మన పక్కింటి గష్పర్ తోటలో ఆపిల్ చెట్లన్నీ ఒకేసారి పూశాయి. శనివారం నాడు వాడు ట్రాక్టరుకి మందు పీపా తగిలించుకుని తోటలో తిరగడం కళ్ళారా చూశాను. సోమవారానికి తేనెపెట్టెలుండే కొట్టం ముందు ఈగలు నేలమీద గుండ్రంగా తిరుగుతూ చచ్చిపోతున్నాయి. మంగళవారం చీపురుతో ఊడ్చాను. ముప్పై ఏళ్ళలో ఈగల్ని చీపురుతో ఊడ్చింది అదే మొదటిసారి.

రెండో తారీఖున గష్పర్ వాళ్ళు మేడే బాండు మేళానికి వెళ్ళారు. నేను నాన్న రంపం తీసుకుని వెళ్ళి వాడి గడ్డిపందిరికి చివరి రెండు స్తంభాలు కోసేశాను. మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగానే. దొంగతనంగా చెయ్యలేదు. ఆ చివర పైకప్పు అంతా కూలింది. కింద గడ్డి లేదు, మనుషులు లేరు. ఒక కోడికి తోక ఈకలు పోయాయి.

సాయంత్రం పోలీసు వచ్చాడు. బళ్ళో నా దగ్గర తేనెటీగల పని నేర్చుకున్నవాడే. "మాస్టారూ, మీరేనా?" అన్నాడు. "నేనే, రాసుకో" అన్నాను. చచ్చిన ఈగల్ని కాగితం సంచీలో కట్టి పరీక్షకు పంపమని మా తేనెటీగల సంఘానికి ఇచ్చాను.

ఒక్కటే బాధ. ఈస్టరుకి వచ్చి నువ్వు తేనెపెట్టెల ముందుపలకల మీది బొమ్మలన్నిటికీ రంగులు వేసి, కొట్టం లోపల గోడలు మెరిసేలా చేసి వెళ్ళావు. ఇంత ముస్తాబు చేసిన ఇంట్లో కాపురం ఉండేవాళ్ళే లేకుండా పోయారు.

బావని అడిగానని చెప్పు.

నీ అన్నయ్య
లొవ్రో


పిరాన్, 12 మే 2002

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ఈగల గురించి ఏడ్చాను, ఆ తరవాత నీ గురించి ఒళ్ళు మండింది. అరవై ఏడేళ్ళు వచ్చాయి. రంపం పట్టుకుని పక్కింటికి వెళ్ళే వయసా ఇది?

పైగా ఆ గడ్డిపందిరి ఎవరు కట్టింది? గష్పర్ వాళ్ళ నాన్న కలప ఇస్తే మన నాన్న కట్టాడు. ఆ స్తంభాల మీద నాన్న ఉలి పెట్టిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. నాన్న పనిని నాన్న రంపంతోనే కోశావు. ఇది రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

మీ బావకు చదివి వినిపించాను. "మీ అన్నయ్య కోశాడంటే కోత వంకర పోయుండదు" అన్నాడు. ఆయనకు ఎప్పుడూ పరాచికాలే. పడవల పని మానేసినా షెడ్డు మాత్రం ఖాళీ చెయ్యడు. డబ్బాలూ సీసాలూ పేర్చుకుని అందులోనే కూర్చుంటాడు. నేను ఉప్పుమళ్ళ దగ్గర మ్యూజియంలో వారానికి మూడు రోజులు టిక్కెట్లు చింపుతున్నాను. వచ్చే వాళ్ళంతా ఉప్పు గురించి కాదు, కారు ఎక్కడ పెట్టాలని అడుగుతారు.

అసలు గష్పర్‌ని అడిగావా? ఏ మందు కొట్టావు, ఎప్పుడు కొట్టావు అని ఒక్క మాట అడిగి అప్పుడు రంపం తీసినా సరిపోయేది కాదా?

నాలుగో పెట్టె ముందుపలక మీద నాన్న వేసిన బొమ్మ గుర్తు తెచ్చుకో. ఒకడు ఆవును కొమ్ములు పట్టి లాగుతాడు, ఇంకొకడు తోక పట్టి లాగుతాడు, మధ్యలో వకీలు ముక్కాలి పీట వేసుకుని పాలు పితుక్కుంటాడు. ఆ వకీలు టోపీకి ఈస్టరు నాడు ఎర్ర రంగు వేసింది నేనే. ఇప్పుడు ఆ బొమ్మలో తోక పట్టుకున్నది నువ్వు.

కేసు ఏమయిందో రాయి. దాచకు.

నీ చెల్లెలు
రొజాలియా


పొద్బ్రెగ్, 14 జూన్ 2002

చెల్లాయ్,

కొమ్ములు పట్టుకున్నది నేను. తోక గష్పర్‌ది.

క్రాన్ పట్నం నుంచి ప్రాసిక్యూటరు కాగితం వచ్చింది. పరాయి ఆస్తి ధ్వంసం చేశానట. అయితే కోర్టుకి పంపే ముందు, ఇద్దరికీ ఇష్టమైతే, రాజీకి కూర్చోవచ్చట. మూడు నెలలు గడువు. ఒప్పందం కుదిరి, రాసుకున్నట్టు చేసేస్తే కేసు కొట్టేస్తారు, నా పేరు మీద ఏ మచ్చా ఉండదు. కుదరకపోతే కోర్టు.

మధ్యవర్తి ఒకావిడ వచ్చి వెళ్ళింది. ష్టెంబల్ గారని, ఇదివరకు మంత్రసానిగా చేసిందట. మోపెడ్ మీద కొండెక్కి వచ్చింది. కాఫీ ఇచ్చాను. ఆవిడ ఆవు బొమ్మని చాలాసేపు చూసి, "ఇందులో నేను లేనే" అంది. "మీ ఉద్యోగం అప్పటికి పుట్టలేదు" అన్నాను. నవ్వింది. మనిషి మంచిదే. కానీ నేను ఒప్పుకోలేదు.

ఎందుకంటే ఆ బల్ల దగ్గర గడ్డిపందిరి గురించి మాట్లాడతారు తప్ప ఈగల గురించి తీర్పు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. నాకు తీర్పు కావాలి. జడ్జి గౌను వేసుకుని కూర్చుని, గష్పర్ ముఖం మీదే, "పువ్వుల మీద మందు కొట్టి పదకొండు పెట్టెలు చంపావు" అని చదవాలి. దానికోసం నాకు శిక్ష పడితే పడనీ.

బడి హెడ్మిస్ట్రెస్ కూడా కబురు పెట్టింది. శిక్ష పడ్డ మనిషిని పిల్లల దగ్గరికి రానివ్వకూడదని రూలుందట. ముప్పై ఏళ్ళుగా ప్రతి గురువారం నడిపిన తేనెటీగల తరగతి సెప్టెంబరు నుంచి ఉంటుందో ఉండదో చెప్పలేనంది. ఆవిడ కూడా ఒకప్పుడు నా దగ్గర ఈగ కుట్టించుకుని ఏడ్చిన పిల్లే. చెప్తూ చెప్తూ తల దించుకుంది.

ఆ మాట మాత్రం గుచ్చుకుంది, అబద్ధమెందుకు.

అన్నయ్య


పిరాన్, 20 జూన్ 2002

అన్నయ్యా,

నీ జడ్జి గారు ఆ మాట చదవరు. కోర్టులో వాళ్ళు అడిగేది రెండే రెండు: రంపం నీదేనా, కోసింది నువ్వేనా? రెండింటికీ అవునంటావు. అంతటితో అయిపోతుంది. ఈగల ఊసు కాగితం మీద ఒక్క ముక్క కూడా ఉండదు. ఉండేది నీ శిక్ష. గురువారం తరగతి పోతుంది. ఆ తరగతి పోయాక నువ్వు గురువారం నాడు ఏం చేస్తావో నాకు తెలుసు. కిటికీ దగ్గర కూర్చుని గష్పర్ ఇంటికేసి చూస్తూ ఉంటావు.

బల్ల దగ్గరికి వెళ్ళు. వెళ్ళి నువ్వు చేసింది నువ్వు చెప్పు. వాడు చేసింది వాణ్ణి చెప్పనీ. నీ నోటితో వాడి తప్పు చెప్పకు. చేసింది చెప్పడానికి మనిషికి ఏం అడ్డమొస్తుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఒక వాక్యం. "నేను చేశాను, తప్పే." నోరు తిరగని మాట కూడా కాదు.

కోప్పడుతున్నానని అనుకోకు. మొన్న షెడ్డు కడగమంటే మీ బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఇంట్లో నేను ఎవరి మీద కోప్పడినా అంతే.

ఒంటికి జాగ్రత్త. రాత్రి పూట వట్టి రొట్టె, పాలతో సరిపెట్టుకోకు.

రొజాలియా


పొద్బ్రెగ్, 5 జూలై 2002

రొజాలియాకు,

నువ్వు చెప్పావని బల్ల దగ్గరికి వెళ్ళాను. వెళ్ళినందుకు ఏం జరిగిందో విను.

గ్రంథాలయం వెనక గది. ఒక జగ్గు నీళ్ళు, నాలుగు గ్లాసులు. ష్టెంబల్ గారు మధ్యన, ఇటు నేను, అటు గష్పర్, వాడి భార్య సిల్కా. మొదట నేనే చెప్పాను, నువ్వు చెప్పినట్టే. "రెండు స్తంభాలు నేను కోశాను." తప్పే అన్న మాట గొంతులోనే ఉండిపోయింది. ఆ తరవాత గష్పర్ చెప్పాడు: శనివారం చీకటిపడే ముందు, ఈగలు గూటికి చేరాక కొట్టాడట. తెగులు మందట, పురుగుల మందు కాదట. "మరి నా ఈగలు గుండెపోటుతో పోయాయా?" అన్నాను. ష్టెంబల్ గారు, "పరీక్ష కాగితం రానివ్వండి" అని వాయిదా వేసింది.

లేచేటప్పుడు సిల్కా నవ్వుతూ, "రొజాలియా ఉత్తరం రాసింది, నీ మనసు మెత్తబడుతుందని" అంది. నా చెల్లెలు నా వెనక నుంచి వాళ్ళకి ఉత్తరాలు రాస్తోందని గష్పర్ ముందు నాకు తెలిసింది. నా ముఖం ఎలా అయ్యుంటుందో ఊహించుకో. నువ్వు ఎవరి పక్షం?

సరే, అసలు సంగతి. నిన్న పరీక్ష కాగితం వచ్చింది. ఈగల ఒంట్లో ఉన్నది తోటలో కొట్టే మందు కాదు. చెక్కకు పురుగు పట్టకుండా పూసే మందు. లిండేన్ అని రాశారు. ఈ రోజుల్లో దుకాణాల్లో దొరకదట, పాత డబ్బాల్లోనే ఉంటుందట.

చూశావా? ఇది పొరపాటు కూడా కాదు. గష్పర్ మార్చిలో పాత దూలాలతో గేటు చేయించాడు. ఏదో నల్లగా పూశాడు కూడా. అందులో మిగిలింది తెచ్చి నా కొట్టంలో చల్లి ఉంటాడు. పువ్వుల మీద మందు కొట్టడం బద్ధకం అనుకోవచ్చు. ఇది పగ. ఇప్పుడు నేనే వాడి మీద ఫిర్యాదు పెడతాను. ఈ నెల ఇరవై తొమ్మిదిన క్రాన్ వెళ్తున్నాను. రాజీ గీజీ ఏమీ లేదు.

లొవ్రో


పిరాన్, 10 జూలై 2002

అన్నయ్యా,

సిల్కాకి రాసిన మాట నిజం. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. నీ మీద చాడీలు చెప్పలేదు. నీకు చెప్పకుండా రాయడం తప్పే.

ఫిర్యాదు ఇప్పుడే పెట్టకు. నేను మళ్ళీ రాసేదాకా ఆగు. కారణం అడగకు.

ఆ కాగితంలో ఉన్న మందు పేరు అచ్చంగా ఎలా రాశారో అలాగే ఇంకోసారి రాసి పంపు. ఎక్కడ దొరికిందని రాశారు, ఈగల ఒంట్లోనా, మైనంలోనా, చెక్కలోనా?

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మీ బావకి నడుం పట్టేసింది.

రొజాలియా


పొద్బ్రెగ్, 15 జూలై 2002

రొజాలియాకు,

పేరు రాశానుగా. లిండేన్. ఈగల ఒంట్లో, మైనంలో, రెండింటిలోనూ. చెక్క ఎవరూ పరీక్షించలేదు. చెక్క దేనికి?

ఆగమంటావు, కారణం అడగవద్దంటావు. కారణం నాకు తెలుసు. సిల్కా నీకు మళ్ళీ రాసి ఉంటుంది. అన్నయ్యని ఆపమని బతిమాలి ఉంటుంది. వాళ్ళ గేటు మీద ఏముందో తేలుతుందని భయం పట్టుకుంది.

నువ్వు నలభై ఏళ్ళ కిందట సముద్రం పక్కకి వెళ్ళిపోయావు. అక్కణ్ణుంచి అందరూ మంచివాళ్ళలాగే కనిపిస్తారు. ఇక్కడ ఉండేవాణ్ణి నేను. ఆవు పలక పీకి గష్పర్ ఇంటికేసి తిప్పి కంచెకు కొట్టాను. ఊళ్ళో చదువు రానివాళ్ళు లేరు గానీ, బొమ్మ అయితే తొందరగా అర్థమవుతుంది.

ఇరవై తొమ్మిదిన వెళ్తున్నాను.

లొవ్రో


పిరాన్, 18 జూలై 2002

అన్నయ్యా,

సిల్కా రాసింది నిజమే, కానీ జూన్‌లో. నా ఉత్తరానికి జవాబుగా. అందులో ఒక ముక్క ఉంది, అప్పుడు పట్టించుకోలేదు: "ఈస్టరు పొద్దున నువ్వు కొట్టానికి రంగు వేస్తుంటే వాసన మా వంటింటిదాకా వచ్చింది, పండక్కి పందిమాంసం కోస్తూ తలుపు వేసుకున్నాను."

నీ అయిదో తారీఖు ఉత్తరం అందిన రోజున మీ బావ షెడ్డులోకి వెళ్ళాను. మూల పెద్ద తగరం డబ్బా ఉంది. పడవల గుడిసె తలుపులకి పూసేవాడట, ఎప్పుడో పదిహేనేళ్ళ కిందట కొన్నది. డబ్బా మీద అంతా ఇటాలియన్‌లో ఉంది, నాకు బాగానే వచ్చు. జంతువులూ తిండీ ఉండే చోట పూయవద్దు. తేనెటీగలకు ప్రాణాంతకం. దాని కింద లిండేన్. అక్షరాలు చిన్నవి కావు.

నేను ఈస్టరుకి వచ్చేటప్పుడు ఆ డబ్బాలోంచి ఒక జాడీలోకి వంపుకుని తెచ్చాను. అది మామూలు వార్నిషే అనుకున్నాను. రంగు ఒకేలా ఉంది. పొద్దున్నే నువ్వు చర్చి జెండా పట్టుకుని ఊరేగింపుకి వెళ్ళావు. మోకాలు నొప్పి అని నేను ఇంట్లో ఉండిపోయాను, గుర్తుందా? నొప్పి లేదు. నువ్వు తిరిగొచ్చేసరికి లోపలి గోడలు మెరవాలని, నువ్వు ఆశ్చర్యపోవాలని. ముందుపలకల మీద మంచి రంగులే వాడాను. గోడలకి మాత్రం ఇది. రెండు పూతలు వేశాను, అన్నయ్యా. ఒకటి చాలదనిపించింది.

ఎండ కాయగానే గోడలు వేడెక్కి ఉంటాయి. ఆ తరవాత నీకు తెలుసు.

నీ పదకొండు పెట్టెల్నీ చంపింది నేను. గష్పర్ కాదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇది నాకు తెలిసి పది రోజులు అయింది. మందు పేరు మళ్ళీ రాయమన్నప్పుడు నాకు తెలుసు. ఏ అక్షరమైనా తేడా ఉంటుందేమోనని ఆశ. చేసింది చెప్పడానికి మనిషికి ఏం అడ్డమొస్తుందో అర్థం కాదని నీకు రాసింది కూడా నేనే. ఇప్పుడు అర్థమైంది.

ఈ ఉత్తరం నకలు ష్టెంబల్ గారికి పంపుతున్నాను. బల్ల దగ్గర ఎప్పుడు కూర్చుంటారో చెప్పు, వస్తాను. గష్పర్ ఎదురుగా నేనే చెప్తాను.

రొజాలియా


పొద్బ్రెగ్, 23 జూలై 2002

రొజాలియా,

ఉత్తరం అందింది. ఫిర్యాదు పెట్టడం లేదు. ముప్పయ్యో తారీఖున బల్ల దగ్గర కూర్చుంటున్నాం.

నువ్వు రావద్దు.

లొవ్రో


పిరాన్, 9 ఆగస్టు 2002

అన్నయ్యా,

ముప్పయ్యో తారీఖు దాటి పది రోజులైంది. ఒక్క ముక్క రాయలేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

రావద్దని రెండు ముక్కల్లో రాశావు. నా ముఖం చూడటం నీకు ఇష్టం లేదని అర్థమైంది. తప్పు పట్టను. నేనైతే అంత కూడా రాసేదాన్ని కాదేమో. రావద్దన్నది ఆ ఒక్క రోజుకా, ఎప్పటికీనా, అది మాత్రం చెప్పు. ఎప్పటికీ అయితే అలాగే రాయి, చదువుకుంటాను.

మీ బావ ఆ డబ్బాని మునిసిపాలిటీ వాళ్ళు విషపు చెత్త తీసుకునే చోట ఇచ్చి వచ్చాడు. తిరిగొచ్చి, "డబ్బా నాది, జాడీ నీది, సగం సగం" అన్నాడు. పరాచికానికి అనలేదు. మూడు రోజులుగా షెడ్డు కడుగుతున్నాడు, నేను అడగకుండానే.

నా కుంచెలన్నీ మూటగట్టి అటక మీద పెట్టాను. ఇక ముట్టుకోను.

బడిలో ఏమన్నారు? గురువారం తరగతి ఉందా? దీనికైనా జవాబు రాయి. ఇది నా గురించి కాదు.

రొజాలియా


పొద్బ్రెగ్, 17 సెప్టెంబర్ 2002

చెల్లాయ్,

నీ ఆగస్టు ఉత్తరానికి జవాబు రాయకపోవడం తప్పే. మొదట రాయడానికి మాట దొరకలేదు. ఆ తరవాత చెయ్యి ఖాళీ లేదు. ఆ తరవాత, ప్రాసిక్యూటరు కాగితం వచ్చాకే రాద్దామని కూర్చున్నాను. నిన్న వచ్చింది. కేసు కొట్టేశారు. మొన్న గురువారం పిల్లలకు మొదటి పాఠం చెప్పాను.

జరిగింది జరిగినట్టు చెప్తాను.

బల్ల దగ్గర ష్టెంబల్ గారు నీ ఉత్తరం నకలు సంచీలోంచి తీసి, "చదవమంటారా?" అంది. "వద్దండీ" అన్నాను. "ఈ ఉత్తరం రాసింది నా చెల్లెలు. ఈ కేసులో ఆమె లేదు. నా ఈగలు గష్పర్ మందుతో పోలేదు. నా కొట్టం గోడలకు పూసిన మందుతో పోయాయి. వాణ్ణి ఊరందరి ముందు హంతకుడన్నాను. స్తంభాలు కోశాను. రెండూ తప్పే." ఈసారి ఆ మాట గొంతులో ఆగలేదు.

గష్పర్, "మరి గోడలకు ఎవరు పూశారు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

సిల్కా గ్లాసు కింద పెట్టింది. "ఈస్టరు పొద్దున్నేనా? ఆ వేళకి నువ్వు జెండా పట్టుకుని ఊరంతా తిరుగుతున్నావు. నీ వెనక అరవై మంది ఉన్నారు. మా వంటింటి కిటికీలోంచి కుంచె పట్టుకున్నది ఎవరో నాకు కనపడలేదనుకున్నావా?"

అరవై ఏడేళ్ళొచ్చినా అబద్ధం శుభ్రంగా ఆడటం రాలేదు. ష్టెంబల్ గారు కిటికీకేసి చూస్తూ కూర్చుంది. అప్పుడు గష్పర్ అన్నాడు: "అమ్మా, ఆయన పూశాడనే రాయండి. ఆయన కొట్టం, ఆయన ఇష్టం."

ష్టెంబల్ గారు ఎవరు పూశారన్నది అసలు రాయలేదు. "గోడలు గడ్డిపందిరి కేసులోకి రావు" అంది.

అయితే నాది పూర్తి అబద్ధం కాదు, చెల్లాయ్. అందుకే నిన్ను రావద్దన్నాను. నువ్వొస్తే అంతా నీ నెత్తినే వేసుకునేదానివి. నేను అసలు సంగతి చెప్పకుండా తప్పించుకునేవాణ్ణి. పిల్లలకు ముప్పై ఏళ్ళుగా చెప్పే మొదటి పాఠం ఏమిటో తెలుసా? కొట్టం తలుపు తీయగానే ఆగి వాసన చూడాలి. ఈస్టరు నుంచి నెల రోజులు రోజూ ఆ తలుపు తీశాను. రోజూ ఘాటుగా వాసన కొట్టింది. చెల్లెలు ముచ్చటపడి పూసింది, పోతుందిలే అనుకున్నాను. నిన్ను అడిగితే నొచ్చుకుంటావని అడగలేదు. పూసింది నువ్వు. వాసన చూసి ఊరుకున్నది ఈగలవాణ్ణి, నేను. మొన్న గురువారం పిల్లలకు ఈ ముక్క కూడా చెప్పాను. నీ పేరు చెప్పలేదు, నా పేరే చెప్పాను.

ఒప్పందంలో ఏం రాశామంటే: గడ్డిపందిరిని నా చేతులతో, నా కలపతో నిలబెట్టాలి. సంఘం సమావేశంలో లేచి, గష్పర్ మీద అన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఈ రెండోది మొదటి దానికన్నా బరువు. కానీ అయింది. గష్పర్ తన వంతు తనే చెప్పాడు. మందు కొట్టే ముందు చుట్టుపక్కల ఈగలవాళ్ళకు కబురు చెయ్యాలి, చెయ్యలేదు. "ఆ రోజు వచ్చి నీకు చెప్పుంటే నన్ను అనుమానించేవాడివి కాదు" అన్నాడు. నిజమే.

కొత్త స్తంభాలు ఓక్‌వి. ఆగస్టంతా అదే పని. మొదటి వారం గష్పర్ దూరంగా నిలబడి చూశాడు. రెండో వారం నిచ్చెన పట్టుకున్నాడు. మూడో వారం నేను చెక్కేది వంకర పోతోందని గొడవ పెట్టుకున్నాడు. వంకరే. సరిచేశాను. నేను కోసిన పాత స్తంభాల్లో నాన్న ఉలి గుర్తులున్న ముక్క ఒకటి దాచాను, నీకు ఇస్తాను.

కొట్టం గోడలు విప్పేశాను. ఆ చెక్క కాల్చకూడదట, మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు. కొత్త చెక్కతో గోడలు కట్టాను. లోపల ఏమీ పూయలేదు. పచ్చి కలప వాసనే. ఆవు పలక కంచె మీంచి పీకి తెచ్చాను. మేకు పెట్టిన చోట చిల్లు పడింది, సరిగ్గా వకీలు టోపీకి. గష్పర్ చూసి, "వాడికి అదే తగిన శాస్తి" అన్నాడు.

నిన్న కాగితం వచ్చిందని చెప్పడానికి వాళ్ళింటికి వెళ్తే, గష్పర్ వాకిట్లో ఒక పెట్టె ఉంది. వాళ్ళ బావమరిది దగ్గర్నుంచి తెచ్చాడట. నిండా ఈగలు, బలమైన రాణి. ఇది ఒప్పందంలో లేదు. "కబురు చెయ్యనందుకు" అన్నాడు. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మోసుకొచ్చి కొట్టంలో పెట్టాం.

ఆ పెట్టె ముందుపలక ఖాళీగా ఉంది, తెల్ల చెక్క. చలికాలం ఎలాగోలా గడుస్తుంది. వసంతానికి పక్కన ఇంకో నాలుగు పెట్టెలు వస్తాయి. బొమ్మ లేకపోతే ఈగలు తమ ఇల్లు ఏదో పోల్చుకోలేవు. బొమ్మలు వేసే చెయ్యి మన ఇంట్లో ఒక్కటే ఉంది, అది అటకెక్కి కూర్చుంది.

ఈస్టరుకి రా. నేను ఊరేగింపుకి వెళ్ళను, జెండా గష్పర్ పడతాడు. కుంచెలు తెచ్చుకో. రంగులు మాత్రం తేవద్దు, నేను కొంటాను.

నీ అన్నయ్య
లొవ్రో